పడిపోని వరి: విత్తనములోని వ్రాత, పొలములోని సరకు

ఎరువు వేసినకొలది పంట హెచ్చవలెను. కాని 1966వ సంవత్సరమునకు పూర్వము వరి పండించువారికి ఈ మాట సగమే నిజము. నాటి దేశవాళి వరులలో పెక్కు మనిషి భుజమెత్తు పెరిగెడివి. వానికి నత్రజని యెరువు ఒకింత హెచ్చుగా వేసినచో గడ్డి మఱింత పొడవై, వెన్ను బరువెక్కిన పిమ్మట వచ్చిన గాలివానకు చేనంతయు నేలకొఱగెడిది. పడిన చేనిలో గింజ తాలగుట, నీట నానిన వెన్నులు మొలకెత్తుట, కోతకూలి హెచ్చుట మొదలగునవి మన పెద్దలు పడిన కష్టములే. ఎరువు వేయనిచో గింజ తక్కువ. వేసినచో చేను నిలువదు. ఈ రెంటి నడుమ కృషీవలుడు నలిగిపోయెడివాడు.

1966వ సంవత్సరము నవంబరు నెలలో ఫిలిప్పీను ద్వీపములందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ఐ.ఆర్. 8 అను పొట్టివరిని వెలువరించిరి. మఱుసటి యేట పశ్చిమగోదావరి ప్రాంతమున ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దానిని సాగుచేసి, తోటి రైతులలో వ్యాపింపజేసి ప్రసిద్ధులైరి. ఈ వరి ఎత్తు సుమారు ఒక మీటరు మాత్రమే. దిట్టముగా ఎరువు వేసినను అది నిలిచెను. గడ్డికి పోవు బలము గింజకు వచ్చెను.

ఆ వరి ఏల పొట్టిదయ్యెను? ఇందుకు సరియైన సమాధానము 2002వ సంవత్సరమున గాని దొరకలేదు. ఆ విత్తనములోని వంశలిఖితమున ఒకచోట 383 అక్షరములు లోపించియుండెనని ఆ యేడు తేలెను. అక్షరములు పోయినంతమాత్రమున కాండమెట్లు కుఱుచయగును? దీనికి ఉత్తరము చెప్పవలెనన్న, జీవకణము తనలోని వ్రాతను చదివి మాంసకృత్తులను ఎట్లు తయారుచేయునో మొదట తెలిసికొనవలెను. ఇది పండితులకు మాత్రమే విడువదగిన విషయము కాదు. మన సంఘములో ప్రతి ఋతువునను సభ్యులడుగు ప్రశ్నలు ముఖ్యముగా రెండు: ఏ విత్తనము తీసికొనవలెను? ఎరువెంత వేయవలెను? ఈ రెండు ప్రశ్నలకును మొక్కలో కలియు చోటొకటి గలదు. దానిని గుఱించియే మేమిట వ్రాయుచున్నాము.

మాంసకృత్తు లనగా నెవ్వి?

మాంసకృత్తు లనగానే కందిపప్పు, పెసలు, పాలు, గ్రుడ్లు జ్ఞప్తికి వచ్చును. అవి మాంసకృత్తులు సమృద్ధిగా నున్న ఆహారములు. కాని మాంసకృత్తు లేని ప్రాణి లేదు. వరియాకు గాలిలోని బొగ్గుపులుసు గాలిని పట్టి చక్కెరగా మార్చుకొనుచున్నదన్న, ఆ పట్టుకొను పని రూబిస్కో అను మాంసకృత్తుది. వేరు నేలలోని పోషకమును లోనికి తీసికొనుట, గింజలోని పిండి చక్కెరయగుట, ఎద్దు కండరములు కాడిని లాగుట, ఇవన్నియు మాంసకృత్తుల మూలముననే జరుగుచున్నవి. ఇట్లు ఒక పదార్థమును వేఱొక పదార్థముగా మార్చుచు, తాము తఱుగని మాంసకృత్తులకు ఎంజైములని పేరు.

ప్రతి మాంసకృత్తును ఒక పూసలపేరు వంటిది. ఆ పూసలు అమినో ఆమ్లములు. అవి 20 రకములు. కొన్ని పేరులలో నూఱు పూసలైన నుండవు. పెక్కింటిలో కొన్ని వందలుండును. పేరు తయారైన పిమ్మట అది తనలో తాను మడుచుకొని ఒక రూపము దాల్చును. ఆ రూపమును బట్టియే దాని పని. పూసల వరుస మాఱినచో మడత మాఱవచ్చును. మడత మాఱినచో పని చెడవచ్చును. ఏ పూస వెనుక ఏ పూస రావలెనో చెప్పునదే విత్తనములోని వ్రాత.

మఱియొక మాట. ఈ 20 పూసలలో ప్రతిదానియందును నత్రజని యుండును. మెథియొనీను, సిస్టీను అను రెంటిలో గంధకము కూడ నుండును. ఈ సంగతి తరువాత మనకు పనికివచ్చును.

మూల రిజిష్టరు, నకలు

మొక్కలో ఏ భాగమును సూక్ష్మదర్శినితో చూచినను, గదులు పేర్చినట్లు కణములు కనబడును. ప్రతి కణములోను కేంద్రకమను చిన్న యఱ గలదు. అందు డీ.ఎన్.ఏ. అను మిక్కిలి సన్నని జంటదారము మెలికలు తిరిగి యుండును. 1953వ సంవత్సరమున వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు దాని రూపమును వెల్లడించిరి. రోజలిండ్ ఫ్రాంక్లిన్ అను విదుషి తీసిన ఎక్సు-కిరణపు చిత్రములు వారికి మిక్కిలి తోడ్పడినవి. ఆ దారముమీది యక్షరములు నాలుగే: ఏ, టీ, జీ, సీ. వరియొక్క వంశలిఖితమును పెక్కు దేశములవారు కలిసి చదివి 2005లో ప్రకటించిరి. మన దేశపు శాస్త్రజ్ఞులును అందు పాల్గొనిరి. అందు సుమారు 39 కోట్ల అక్షరములు గలవని తేలినది. అవి 12 సంపుటములుగా, అనగా 12 క్రోమోసోములుగా, విభజింపబడియున్నవి. ఒక మాంసకృత్తునకు కావలసిన వాక్యము ఒక జన్యువు. అట్టి జన్యువులను నాడు సుమారు 37,500గా లెక్కించిరి.

మన సంఘ కార్యాలయములో మూల రిజిష్టరు బీరువాలో నుండును. దానిని గిడ్డంగికి గాని పొలమునకు గాని తీసికొనిపోనీయరు. పని పడినప్పుడు గుమాస్తా కావలసిన పుటకు మాత్రము నకలు వ్రాసి పంపును. కణములో జరుగునదియు నిట్టిదే. డీ.ఎన్.ఏ. కేంద్రకమును విడిచి రాదు. కావలసిన జన్యువు దగ్గఱ జంటదారము కొంచెము విడివడును. ఒక ఎంజైము ఆ వాక్యమునకు నకలు తీయును. ఈ నకలు పేరు ఆర్.ఎన్.ఏ. ఇందు టీ యను నక్షరమునకు మాఱుగా యు అను నక్షరము వచ్చును. నకలులోని యక్కఱలేని భాగములు కత్తిరింపబడి, మిగిలినది కేంద్రకపు రంధ్రముల గుండ వెలుపలికి వచ్చును. పని తీఱిన కొంతకాలమునకు నకలు నశించును. కావుననే మూలము చెడదు. అక్కఱ తీఱిన యుత్తరువు ఆగిపోవును.

ద్విభాషి

కేంద్రకమునకు వెలుపల రైబోసోములను కర్మశాలలు వేలకొలది గలవు. నకలు అచటికి చేరును. రైబోసోము దానిని మూడేసి యక్షరముల చొప్పున చదువును. నాలుగక్షరములతో మూడక్షరముల పదములు 64 కలుగును. వానిలో 61 పదములు ఒక్కొక్క యమినో ఆమ్లమును సూచించును. మిగిలిన మూడును "ఇంతటితో ముగింపుము" అను పదములు. ఏ-యు-జీ యను పదము సాధారణముగా వాక్యారంభము. పదములు 61, పూసలు 20 గనుక కొన్ని పూసలకు రెండు మొదలు ఆఱు వఱకు పేర్లు గలవు.

అక్షరముల భాష వేఱు, పూసల భాష వేఱు. ఒకదానిని చూచి వేఱొకదాని నెట్లు ఎన్నుకొనుట? పూర్వము చెన్నపట్టణమున దొరలకును వర్తకులకును నడుమ ద్విభాషులుండి ఇరుపక్షముల మాట నడిపెడివారు. కణములోను అట్టి ద్విభాషులు గలరు. ఇవియు చిన్న ఆర్.ఎన్.ఏ. తునకలే. ద్విభాషికి ఒక కొన మూడక్షరముల పదమును గుర్తుపట్టును. రెండవ కొన ఆ పదమునకు తగిన పూసను మోసికొనివచ్చును. రైబోసోము ఆ పూసను పేరునకు కలిపి, ద్విభాషిని పంపివైచి, మూడక్షరములు ముందునకు జరుగును. మొక్కల కణములలో సెకనునకు సుమారు అయిదు పూసలు కూడును. అనగా 300 పూసల పేరు ఒక నిమిషము పని. దుక్కిలో ఒక నాగలి వెంట మఱియొక నాగలి నడచినట్లు, ఒకే నకలుమీద అనేక రైబోసోములు ఒకదాని వెనుక నొకటి నడచుచుండును.

ఈ పని ఊరక జరుగదు. ఒక్కొక్క పూసను చేర్చుటకు నాలుగు భాస్వరపు బంధములలోని శక్తి వ్యయమగును. ఆ శక్తిని మోయు పదార్థమునకు ఏ.టీ.పీ. యని పేరు. 1929లో దానిని కండరములనుండి వేఱుచేసిన వారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. డీ.ఎన్.ఏ. దారమునందును, నకలునందును కూడ భాస్వరమే కూర్పు. పైరునకు భాస్వరము చాలనిచో మొదటినుండియు వేరును పిలకయు కుంటువడుటకు కారణ మిందు కొంత తెలియును.

వ్రాతను చదివినవారు

ఏ పదమునకు ఏ పూసయో ఎట్లు కనుగొనిరి? 1961లో అమెరికాలోని బెథెస్డాయందు నైరెన్‌బర్గు, మథాయి అను నిరువురు యు అను నక్షరము మాత్రమే వరుసగా గల ఆర్.ఎన్.ఏ.ను చేసి, సూక్ష్మజీవుల కణములనుండి తీసిన రసములో వైచిరి. ఫినైల్‌అలనీను అను పూస మాత్రమే గల పేరు వచ్చెను. కావున యు-యు-యు అన్న ఆ పూస యని తేలెను. పిమ్మట హరగోవింద ఖొరానాగారు తెలిసిన వరుసలో అక్షరములను కూర్చిరి. యు, సీ, యు, సీ యని మార్చి మార్చి వ్రాసిన దారము సెరీను, ల్యూసీను అను పూసలు ఒకటి విడిచి యొకటి గల పేరునిచ్చెను. పదమునకు మూడక్షరములనుట ఇందువలన స్థిరపడెను. 1968లో నైరెన్‌బర్గు, ఖొరానా, హాలీలకు నోబెలు బహుమానము లభించెను. హాలీగారు 1965లోనే ఒక ద్విభాషి యొక్క అక్షరములన్నిటిని చదివియుండిరి.

ఖొరానాగారు 1922లో నేటి పాకిస్థానులో చేరిన పంజాబు పల్లెయగు రాయపురమున జన్మించిరి. వారి తండ్రి పట్వారీ. మన కరణమువలె ఊరి భూమిశిస్తు లెక్కలు వ్రాయువాడు. పల్లెలెక్కలు వ్రాసినవాని కుమారుడు సకల జీవుల లెక్కను చదువుట మనకు గర్వకారణము. రైబోసోము యొక్క నిర్మాణమును కనుగొన్నందులకు 2009లో నోబెలు బహుమానమందిన మువ్వురిలో చిదంబరమున జన్మించిన వేంకటరామన్ రామకృష్ణన్‌గా రొకరు.

వీరి కృషివలన తేలిన ముఖ్యసత్యమొకటి గలదు. స్వల్పమైన యపవాదములు తప్ప, ఈ పదములకు వరియందును, ప్రత్తియందును, సూక్ష్మజీవియందును, మనుష్యునియందును ఒకే అర్థము. మన దేశమున 2002లో అనుమతింపబడిన బీటీ ప్రత్తి ఈ సత్యముమీదనే నిలిచినది. నేలలోని యొక సూక్ష్మజీవి వాక్యమును ప్రత్తి కణములలో చేర్పగా, ప్రత్తి దానిని తన వాక్యమువలెనే చదివి, కాయతొలుచు పురుగులకు విషమగు మాంసకృత్తును తయారుచేసెను. పురుగు ఊరకుండలేదు. విషము పట్టుకొను ప్రేగులోని మాంసకృత్తు యొక్క వ్రాత చెడిన గులాబిరంగు పురుగులు బ్రదికి, పిల్లలను పెట్టినవి. వ్రాత మనకే కాదు, పురుగునకును గలదు. బీటీ చేని చుట్టును బీటీ లేని ప్రత్తి కొంత వేయుమని చెప్పుట, విషము తగులని పురుగులను కొన్నింటిని మిగిల్చి, ఎదిరించు పురుగుల సంతతి వేగముగా ప్రబలకుండ చేయుటకే.

ఏ పుట ఎప్పుడు తెఱచుట?

ప్రతి కణములోను రిజిష్టరంతయు గలదు. కాని ఏ కణమును అన్ని పుటలు చదువదు. ఆకు చదువునది వేరు చదువదు. విత్తనపు వడ్లు నానబెట్టి మండె కట్టినప్పుడు జరుగు పని చూడుడు. తడి తగులగనే గింజలోని బీజము జిబ్బరెలిన్ అను పదార్థమును పంపును. పిండిని కప్పియున్న పలుచని పొరలోని కణములకు అది తాఖీదు వంటిది. అవి వెంటనే అమైలేసు అను ఎంజైము గల పుటను తెఱచి, నకళ్లు తీసి, ఆ మాంసకృత్తును తయారుచేసి పిండిలోనికి వదలును. అమైలేసు పిండిని చక్కెరగా విఱుచును; ఆ చక్కెర తిని మొలక పెరుగును. రాగులు మొలకకట్టి విసరిన పిండి తీపెక్కుటకు ఇదియే హేతువు. ఈ యెంజైములు పనిచేయుటకు తడియే కాక గాలియు వెచ్చదనమును కావలెను. మండెలో వడ్లు అతిగా కాగినను, గాలి యాడక మురిగినను మొలక చెడుట కర్మశాల చెడుటయే.

పోయిన అక్షరములు

ఇప్పుడు పొట్టివరి ప్రశ్నకు వత్తము. మండెలో పనిచేసిన జిబ్బరెలినే కాండమును కూడ పొడవుచేయును. 1926లో కురొసావా అను జపాను శాస్త్రజ్ఞుడు తైవాను ద్వీపమున, నారు సన్నగా పాలిపోయి వెఱ్ఱిగా పొడవెదుగు తెగులును పరిశీలించి, ఒక శిలీంధ్రము వెలువరించు పదార్థమే దానికి కారణమని కనుగొనెను. ఆ పదార్థమే జిబ్బరెలిన్. జిబ్బరెలిన్ ఎక్కువైన కాండము పొడవు. తక్కువైన కాండము పొట్టి. వరి తనకు కావలసిన జిబ్బరెలినును కొన్ని యెంజైముల సాయమున తానే వండుకొనును. వానిలో నొక యెంజైము వాక్యము మొదటి క్రోమోసోముమీద గలదు.

ఐ.ఆర్. 8నకు తల్లిదండ్రులైన వరులలో డీ-జియో-వూ-జెన్ అను తైవాను పొట్టివరి యొకటి. దాని యందు ఈ వాక్యమునుండి 383 అక్షరములు ఏనాడో పోయినవి. పోయినందున నేమగును? మూడేసి యక్షరముల మాటలతో ఒక వాక్యము వ్రాసి చూతము:

పొలము దున్నెను రాముడు విత్తెను.

ఇందు రెండవ యక్షరమగు "ల"ను తీసివైచి, మఱల మూడేసి చొప్పున చదువుడు:

పొముదు న్నెనురా ముడువి త్తెను.

పోయినది ఒక్క యక్షరము, చెడినది వాక్యమంతయు. మూడక్షరములు గల "రాముడు" అను మాట నంతయు తీసివైచిన, మాట తగ్గును గాని మిగిలిన మాటలు చెడవు. పొట్టివరిలో పోయిన యక్షరముల లెక్క మూడింటిచే భాగింపబడదు. కావున ఆ చోటినుండి చదువు తప్పి, "ఇంతటితో ముగింపుము" అను పదము అకాలమున వచ్చి పడును. పేరు నడుమనే తెగిపోవును, ఎంజైము పనికిరానిదగును, జిబ్బరెలిన్ తగ్గును, కాండము కుఱుచయగును, చేను నిలుచును. అదే పని చేయు ఎంజైము వాక్యములు వరిలో మఱికొన్ని గలవు. వానిలో నొకటి పూత, గింజల భాగములలో ముఖ్యముగా పనిచేయును. అందువలన కాండము పొట్టియైనను గింజకు నష్టము కలుగలేదు. కోట్ల ప్రజల యాకలి తీర్చిన మార్పు, ఒక నకలులో చదువు తప్పుటవలన కలిగినదే.

సరకు మాట

ఇంతవఱకు వ్రాత సంగతి. వ్రాత యెంత మంచిదైనను సరకు లేనిదే కర్మశాల నడువదు. ఐ.ఆర్. 8ను ఎరువు లేని చేనిలో వేసిన వారికి పొట్టిగడ్డి దొరకెను గాని పుట్లు దొరకలేదు. ఆ విత్తనము ఎరువును పుట్టింపలేదు. వేసిన యెరువును నిలుపుకొనగలిగెను. అంతే.

మొక్క నత్రజనిని నేలనుండి తీసికొని, చక్కెరతో కలిపి 20 పూసలను తానే తయారుచేసికొనును. 100 కిలోల బియ్యములో సుమారు 7 కిలోల మాంసకృత్తులుండును. వానిలో ఒక కిలోకు పైబడి నత్రజని గలదు. గడ్డికిని, వేరునకును పోవునది వేఱు. ఈ నత్రజని యూరియానుండి వచ్చినను, పశువుల యెరువునుండి వచ్చినను, జీలుగ, జనుము మొదలగు పచ్చిరొట్టనుండి వచ్చినను మొక్క భేదము చూడదు. పశువుల యెరువులోను రొట్టలోను నున్న మాంసకృత్తులను నేలలోని సూక్ష్మజీవులు విఱిచి వేరునకు అందునట్లు చేయును. అందుకు కాలము పట్టును. కావున రొట్టను ముందుగా కలియదున్నవలెను.

నత్రజని చాలనప్పుడు మొక్క ఏమి చేయునో చేనిలోనే చూడవచ్చును. ముదురాకులలోని మాంసకృత్తులను తానే విఱిచి, ఆ పూసలను లేతాకులకు పంపును. కావున పసుపు మొదట క్రిందియాకులలో కనబడును. గింజ పాలుపోసికొనునప్పుడును ఇట్లే ఆకులలోని మాంసకృత్తులు కరగి వెన్నునకు పోవును. పిలకలు వేయునప్పుడును, చిఱుపొట్ట దశలోను పైపాటుగా నత్రజని వేయుమనుట ఇందుకే. కర్మశాలకు పని హెచ్చు వేళకు సరకందవలెను. ఒకేసారి కుమ్మరించినది నీటిలోను గాలిలోను కలిసిపోవును. ఆకుపచ్చని చాయలు ముద్రించిన పట్టీతో ఆకురంగును పోల్చి వేళ తెలిసికొను పద్ధతి సులభమైనది.

గంధకము సంగతి వేఱు. అది ముదురాకునుండి లేతాకునకు సులభముగా కదలదు. కావున గంధకము కొఱతయైనప్పుడు పసుపు మొదట లేతాకులలో కనబడును. అట్టి చేనికి ఎంత యూరియా వేసినను ప్రయోజనము లేదు; ఏలయన గంధకము గల రెండు పూసలు లేక పేరు ఆ పదము దగ్గఱనే ఆగిపోవును. సాధారణ యూరియాలో గంధకము లేదు. అమ్మోనియం సల్ఫేటులోను, సూపరు ఫాస్ఫేటులోను, జిప్సములోను గలదు.

ఒక్క పూస లేకున్న కర్మశాల ఆగుననుటకు మన చేలలోనే వేఱొక నిదర్శనము గలదు. వరిచేలలో వాడు బెన్సల్ఫ్యూరాను, బిస్పైరిబాకు అను కలుపుమందులు మొక్కలలో వేలీను, ల్యూసీను, ఐసోల్యూసీను అను మూడు పూసలను తయారుచేయు ఎంజైమును పట్టి కట్టివేయును. కలుపు వెంటనే మాడదు. మొదట పెరుగుట మానును, తరువాత మెల్లగా పాలిపోయి చచ్చును. తక్కిన పదునేడు పూసలును ఉన్నను పేరు కూడదు. వరి ఆ మందును శీఘ్రముగా విఱిచివేయగలదు గనుక తట్టుకొనును. మోతాదు మించినచో వరికిని హాని కలుగును.

సభ్యులు గమనింపవలసినవి

పైన చెప్పినదానినుండి కొన్ని విషయములు తేలుచున్నవి. మొదటిది: ఎరువు వ్రాతను మార్చలేదు. ఏ మందు చల్లినను పొడవు వరి విత్తనము పొట్టివరి విత్తనము కాదు. రెండవది: విత్తనము సరకును పుట్టింపదు. "ఈ విత్తనమునకు ఎరువే అక్కఱలేదు, పంట మాత్రము రెట్టింపు" అని చెప్పువాని మాటను నమ్మరాదు. రెట్టింపు గింజలో రెట్టింపునకు దగ్గఱగా నత్రజని యుండవలెను. అది ఎక్కడనుండియైన రావలసినదే. మూడవది: ఐ.ఆర్. 8 వంటి శుద్ధరకములలో వరి తన పుప్పొడినే తాను గ్రహించును గనుక, కల్తీ లేకుండ దాచిన వడ్లలో మఱుసటి యేటికిని అదే వ్రాత యుండును. సంకరవిత్తనమట్లు కాదు. దానిలో తల్లి వ్రాత, తండ్రి వ్రాత రెండును గలవు. ఆ చేని గింజను మఱల విత్తినచో ఆ రెండును పలువిధముల పంచుకొని చేను ఎగుడుదిగుడగును. కావున సంకరవిత్తనము దాచుకొనుట నష్టము, శుద్ధవిత్తనము ఏటేట కొనుట అనవసరపు వ్యయము. విత్తనము దాచుటలో సంఘము పూనుకొని, కేళీలను ఏరివేయించి, మొలకశాతము చూచి సభ్యులకు పంచినచో ఎంతయు మేలు.

ఈ విషయములు ఇకముందు మఱింత అవసరమగును. 2025వ సంవత్సరము మే నెలలో మన దేశమున జన్యువ్రాతను సవరించి చేసిన రెండు వరి రకములు ప్రకటింపబడెను. వానిలో డీ.ఆర్.ఆర్. ధాన్ 100 అనునది, కమల యను పేరుగలది, హైదరాబాదునందలి భారతీయ వరి పరిశోధన సంస్థలో తయారైనది. దానికి మూలము మన బాపట్లలో పుట్టిన సాంబమసూరి. వెన్నులో గింజల సంఖ్యను పెంచు సైటోకైనిను అను పదార్థమును విఱుచు ఎంజైమొకటి గలదు. దాని వాక్యమును శాస్త్రజ్ఞులు కావలెనని చెఱచిరి. విఱుచు ఎంజైము తగ్గగా గింజలు హెచ్చును. డీ-జియో-వూ-జెన్ వరిలో ప్రకృతి యాదృచ్ఛికముగా చేసినదానిని, ఇచట మనుష్యులు తెలిసి చేసిరి. ఇట్టి వ్రాత మేలో కాదో తేల్చునది ప్రకటన గాదు. మన నేలలో, మన నీటితో, పలు ఋతువులలో వేసిన చేను.

కావున క్రొత్త విత్తనమేదైనను మన సంఘమునకు వచ్చినప్పుడు సభ్యులు ధరతోబాటు మూడు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. ఈ విత్తనములో ఏ మార్పు జరిగినది, దానివలన మొక్కలో ఏ పని హెచ్చినది లేక తగ్గినది? ఆ పనికి ఏ సరకు ఎంత, ఎప్పుడు కావలెను? దీని గింజను విత్తనముగా దాచుకొనవచ్చునా? విక్రేతవద్ద ఉత్తరము లేనిచో వ్యవసాయ శాఖవారినో, పరిశోధన స్థానమువారినో అడిగి తెలిసికొనుడు. అప్పటికిని సందేహము తీఱనిచో, ఊరంతయు ఒకేసారి వేయక, సంఘ సభ్యులలో నలుగురు నాలుగు సెంట్ల చొప్పున ప్రక్కన పాతరకముతో కలిపి వేసి, కోతనాడు తూచి చూడుడు. తూకముచే ఋజువైనదానిని నమ్మి పెట్టుబడి పెట్టుట కృషీవలునకు క్షేమము.